డెంటల్ అసిస్టింగ్ మీకు, క్రిమినల్ జస్టిస్ అబ్బాయికి: కమ్యూనిటీ కాలేజీలో ఫీజు కట్టే ముందు తేల్చుకోవలసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆంధ్రాలో బీడీఎస్ చేశారు. ఇప్పుడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నారు, చేతిలో ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) ఉంది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో డెంటల్ అసిస్టింగ్‌లో చేరాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. మీ అబ్బాయికి 18 ఏళ్ళు, తనూ హెచ్-4 మీదే ఉన్నాడు. క్రిమినల్ జస్టిస్ చదివి పోలీసు శాఖలో చేరతానంటున్నాడు, అది కుదిరే పనేనా అన్నది రెండోది.

కాలేజీ క్యాటలాగ్‌లో ఈ రెండు కోర్సులూ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ రెండేళ్ళ లోపు అయిపోతాయి, రెండిటికీ యూనిట్‌కు కట్టే ఫీజు ఒకటే. కానీ వాటి స్వభావం పూర్తిగా వేరు. డెంటల్ అసిస్టింగ్ సర్టిఫికెట్ చేతులకు పని నేర్పి, లైసెన్సు పరీక్ష గుమ్మం దాకా తీసుకెళ్తుంది. క్రిమినల్ జస్టిస్ డిగ్రీ అలా కాదు. పోలీసు ఉద్యోగానికి వయసు, ఇమిగ్రేషన్ హోదా, నడవడి విచారణ, అకాడెమీ శిక్షణ, ఈ నాలుగూ కుదిరాకే డిగ్రీ లెక్కలోకి వస్తుంది. అందుకే ఏ కోర్సైనా కాలేజీ బ్రోషర్ నుంచి మొదలుపెట్టకండి. ఉద్యోగం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి: లైసెన్సు ఎవరిస్తారు, వాళ్ళు ఏమేం అడుగుతారు, అందులో నా దగ్గర ఇప్పటికే ఏముంది, లేనిది ఏ కోర్సు ఇస్తుంది.

మీ సంగతి ముందు చూద్దాం.

బీడీఎస్ చదివినవారికి తెలియక జరిగే మొదటి నష్టం, అవసరం లేని కోర్సు మొత్తం మళ్ళీ చదవడం. జాతీయ స్థాయిలో డెంటల్ అసిస్టింగ్ నేషనల్ బోర్డ్, వాడుకలో డాన్‌బీ, సీడీఏ (సర్టిఫైడ్ డెంటల్ అసిస్టెంట్) అనే సర్టిఫికేషన్ ఇస్తుంది. దానికి మూడు దారులున్నాయి. ఒకటి, కోడా (డెంటల్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే కమిషన్) గుర్తింపు ఉన్న ప్రోగ్రాం పూర్తిచేయడం. రెండు, హైస్కూల్ చదువుతోపాటు కనీసం 3,500 గంటల పని అనుభవం. మూడో దారిలో అమెరికా, కెనడాల బయట డెంటల్ డిగ్రీ చేసినవారు కూడా వస్తారు. అంటే మీరు మీ డిగ్రీ కాగితాలు, చెల్లుబాటులో ఉన్న సీపీఆర్ కార్డు పెట్టి నేరుగా పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు. పరీక్షలో మూడు భాగాలు: రేడియేషన్ హెల్త్ అండ్ సేఫ్టీ, ఇన్ఫెక్షన్ కంట్రోల్, జనరల్ చెయిర్‌సైడ్. మూడూ ఒకే రోజు రాయనక్కర్లేదు, ఐదేళ్ళ లోపు పూర్తయితే చాలు. స్కోరు 100 నుంచి 900 దాకా ఉంటుంది, 400 వస్తే పాస్. తర్వాత ఏటా 12 గంటల నిరంతర విద్య చూపి రెన్యూ చేసుకోవాలి.

అయితే సీడీఏ జాతీయ సర్టిఫికేషన్, ఆర్‌డీఏ (రిజిస్టర్డ్ డెంటల్ అసిస్టెంట్) రాష్ట్ర లైసెన్సు. ఈ రెండిటినీ కలిపేసుకోవద్దు. కాలిఫోర్నియాలో డెంటల్ అసిస్టెంట్‌గా పనిచేయాలంటే రాష్ట్ర డెంటల్ బోర్డు ఆమోదించిన 8 గంటల ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోర్సు, 2 గంటల డెంటల్ ప్రాక్టీస్ యాక్ట్ కోర్సు, బేసిక్ లైఫ్ సపోర్ట్ కార్డు కావాలి. ఎక్స్‌రే తీయాలంటే బోర్డు ఆమోదించిన రేడియేషన్ సేఫ్టీ సర్టిఫికెట్ విడిగా ఉండాలి. బీడీఎస్‌లో వందల ఎక్స్‌రేలు తీసి ఉన్నా ఇందులో మినహాయింపు ఆశించకండి. ఆ పైమెట్టు ఆర్‌డీఏ. దీనికి బోర్డు ఆమోదించిన ప్రోగ్రాం గానీ, డెంటిస్టు సంతకంతో ధ్రువీకరించిన పని అనుభవం గానీ చూపాలి. కరోనల్ పాలిషింగ్ (పళ్ళ పైభాగం పాలిష్ చేయడం), పిట్ అండ్ ఫిషర్ సీలెంట్స్ (నమిలే పళ్ళ గాడులను మూసే పూత) సర్టిఫికెట్లు, వేలిముద్రలు, రాతపరీక్ష ఉంటాయి. ఆమోదం ఉన్న కాలేజీ ప్రోగ్రాంలో ఈ చిన్న సర్టిఫికెట్లన్నీ లోపలే వచ్చేస్తాయి. పని అనుభవం దారిలో వెళ్తే ఒక్కొక్కటీ విడిగా డబ్బు కట్టి చేసుకోవాలి, లెక్క వేసేటప్పుడు దీన్ని మరిచిపోతారు.

కాబట్టి చేరాలా వద్దా అన్నది మీరు ఐదేళ్ళ తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు అన్నదాని మీద ఉంటుంది. లక్ష్యం మళ్ళీ డెంటిస్టు కావడమైతే, అంటే డెంటిస్టుల జాతీయ పరీక్ష ఐఎన్‌బీడీఈ రాసి, కాపిడ్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా విదేశీ డెంటిస్టుల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ ప్రోగ్రాంకు వెళ్ళే ఆలోచన ఉంటే, ఏడాది పాటు కాలేజీలో అసిస్టింగ్ చదవడం నా దృష్టిలో సమయం వృథా. పైన చెప్పిన చిన్న కోర్సులు చేసి, క్లినిక్‌లో చేరి, చెయిర్ పక్కన గంటలు, డెంటిస్టు నుంచి సిఫార్సు లేఖ సంపాదించుకోండి. అలా కాకుండా ఇల్లు, పిల్లలు, నిలకడైన పగటి ఉద్యోగం ముఖ్యం, ఆర్‌డీఏగా స్థిరపడతాను అనుకుంటే ప్రోగ్రాం విలువైనదే. బీడీఎస్ తర్వాత చాలా ఏళ్ళు గ్యాప్ వచ్చినవారికైతే ఇంకా విలువైనది, ఎందుకంటే అక్కడ సగం చదువు ఇక్కడి పద్ధతి అలవాటు కావడమే.

డెంటిస్టు, ఆర్‌డీఏ కాక మూడో దారి డెంటల్ హైజీన్, అంటే పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టు చదువు. అసిస్టింగ్‌ను దానికి మొదటి సంవత్సరంగా భావించి చేరేవారు ఉన్నారు. అది వేరే ప్రోగ్రాం, వేరే లైసెన్సు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ ముందే పూర్తిచేయాలి, సీట్లకు పోటీ గట్టిగా ఉంటుంది. జీతంలో తేడా కూడా అంతే పెద్దది. ఫెడరల్ కార్మిక గణాంకాల సంస్థ 2023 మే లెక్కల ప్రకారం డెంటల్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 46,540 డాలర్లు, హైజీనిస్టులది 87,530. ఇవి దేశమంతటి అంకెలు. బే ఏరియాలో గంట రేటు వీటికంటే ఎక్కువే, ఇంటి అద్దె కూడా అలాగే ఉంటుంది. హైజీన్ మీద మనసుంటే అసిస్టింగ్ ఫీజు కట్టకుండా ఆ సైన్స్ సబ్జెక్టులతోనే మొదలుపెట్టండి.

వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదివేవారికి రెండు మాటలు. టెక్సస్‌లో ఎక్స్‌రే తీయాలంటే స్టేట్ బోర్డ్ ఆఫ్ డెంటల్ ఎగ్జామినర్స్ దగ్గర ఆర్‌డీఏగా నమోదు కావాలి. న్యూజెర్సీలో ఎక్స్‌రే లైసెన్సు డెంటల్ బోర్డు నుంచి రాదు, రాష్ట్ర పర్యావరణ శాఖ ఇస్తుంది. నార్త్ కరోలినాలో డీఏ-1, డీఏ-2 అని రెండు అంచెలున్నాయి, సీడీఏ ఉంటే నేరుగా రెండో అంచెకు వెళ్ళొచ్చు. డల్లాస్ నుంచి ఎడిసన్‌కు మారితే పాత కార్డు పనికిరాకపోవచ్చు. జీవిత భాగస్వామి ప్రాజెక్టు ఎటు మారితే అటు వెళ్ళే కుటుంబాలకు రాష్ట్రాలు దాటి చెల్లే సీడీఏ ఉండటం అందుకే మంచిది.

ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు ముందు చూడండి: కోడా గుర్తింపు, దాంతోపాటు కాలిఫోర్నియా డెంటల్ బోర్డు ఆమోదం. కోడా ప్రమాణం ప్రకారం ప్రోగ్రాం కనీసం 900 గంటలు ఉండాలి, అందులో 300 గంటలు క్లినికల్ ప్రాక్టీస్. మీ వైపు ఫుట్‌హిల్ కాలేజీ, కాలేజ్ ఆఫ్ శాన్ మతేయో ఈ కోర్సు నడుపుతున్నవే. ఈ ఏడాది వాటి గుర్తింపు ఏ స్థితిలో ఉందో కోడా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, కాలేజీ మాట మీద వదిలేయకండి. 10, 12 వారాల్లో అసిస్టెంట్‌ను చేస్తామనే ప్రైవేటు స్కూళ్ళు చాలా ఉన్నాయి. వాటి ఫీజు కమ్యూనిటీ కాలేజీ కంటే ఎక్కువ, గంటలు తక్కువ, యూనిట్లు ఎక్కడికీ బదిలీ కావు, కోడా దారిలో సీడీఏ రాదు. మీకు బీడీఎస్ ఉంది కాబట్టి వాటి అవసరమే లేదు.

ఫీజు సంగతి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నివాసికి యూనిట్‌కు 46 డాలర్లు, 2012 నుంచి ఇదే రేటు. 60 యూనిట్ల డిగ్రీకి 2,760 డాలర్లు. నివాసి కాకపోతే యూనిట్‌కు 300 డాలర్ల పైనే అదనంగా పడుతుంది. హెచ్-4 మీద ఉన్నవారు సెమిస్టర్ మొదలయ్యే నాటికి ఏడాదికి పైగా రాష్ట్రంలో ఉండి, ఇక్కడే ఉండే ఉద్దేశం కాగితాల్లో చూపితే నివాసి రేటు పొందగలరు. డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర పన్ను రిటర్న్, అద్దె ఒప్పందం, కారు రిజిస్ట్రేషన్ వంటివి మీ పేరు మీద ఉండాలి. చాలా ఇళ్ళలో అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి, కౌంటర్ దగ్గర చిక్కు అక్కడే వస్తుంది. మొదటిసారి నాన్-రెసిడెంట్ అని వేస్తే ఊరుకోకండి, అడ్మిషన్స్ ఆఫీసులో రెసిడెన్సీ పునఃపరిశీలన ఫారం ఉంటుంది. ఫెడరల్ సాయం, అంటే పెల్ గ్రాంట్, హెచ్-4 వారికి రాదు. దానికి గ్రీన్ కార్డ్ అయినా ఉండాలి.

సీటు వచ్చాక మనవాళ్ళకు ఎక్కువగా అడ్డుపడేది ఆరోగ్య పత్రాలు. హెపటైటిస్-బి టీకా మామూలు రకం మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేసి 10 యూనిట్లు, ఆపైన చూపాలి. ఇప్పుడు మొదలుపెడితే ఏడెనిమిది నెలలు పడుతుంది, క్లాసులు ఆగస్టులో మొదలైతే మేలో నిద్ర లేచి లాభం లేదు. నెల తేడాతో రెండే డోసులుండే హెప్లిసావ్ అనే రకం ఉంది, ఆలస్యమైనవారు డాక్టర్‌ను దాని గురించి అడగండి. మీరు బీడీఎస్‌లో టీకాలు వేయించుకునే ఉంటారు. కార్డు దొరక్కపోతే నేరుగా యాంటీబాడీ పరీక్ష చేయించండి, సరిపడా ఉంటే మళ్ళీ టీకా అక్కర్లేకపోవచ్చు.

టీబీ పరీక్ష ఇంకో చిక్కు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్ళకు చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే, డాక్టర్ ఉత్తరం అంటూ వారాలు గడుస్తాయి. మొదటే ఇగ్రా రక్తపరీక్ష చేయమని అడగండి, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, ఆటలమ్మ, టీడాప్ కూడా జాబితాలో ఉంటాయి. క్లినిక్‌లో ఉద్యోగికైతే హెపటైటిస్ టీకా యజమానే ఉచితంగా ఇవ్వాలి, పనిలో పెట్టిన 10 పనిదినాల్లోపు. విద్యార్థికి ఆ హక్కు వర్తించదు, ఖర్చు మీదే.

ఇక చదువు లోపల ఏముంటుందో. బీడీఎస్ ఉంది కదా తేలికే అనుకునేవారు తడబడే మొదటి చోటు పళ్ళ నంబర్లు. మనం చదివింది రెండంకెల ఎఫ్‌డీఐ పద్ధతి. ఇక్కడ యూనివర్సల్ పద్ధతి: పైన కుడి జ్ఞానదంతం 1, అక్కడి నుంచి పై వరుస ఎడమ చివర 16, కింద ఎడమ జ్ఞానదంతం 17, కింద కుడి చివర 32. మన 11 ఇక్కడ 8, మన 36 ఇక్కడ 19, మన 46 ఇక్కడ 30. పాలపళ్ళకు ఏ నుంచి టీ దాకా ఇంగ్లీషు అక్షరాలు. అసలు ప్రమాదం రెండు పద్ధతుల్లోనూ ఉండే అంకెలది. 16 అంటే మనకు పైన కుడి మొదటి దవడపన్ను, ఇక్కడ పైన ఎడమ జ్ఞానదంతం. పీకడానికి వచ్చిన రోగి చార్టులో ఇది తారుమారైతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అంకె వినగానే చూపు సరైన పన్ను మీదకు పోయేదాకా రోజూ సాధన చేయండి.

రెండోది ఫోర్-హ్యాండెడ్ డెంటిస్ట్రీ, అంటే డెంటిస్టు, అసిస్టెంట్ నాలుగు చేతులతో కలిసి పనిచేయడం. డెంటిస్టుగా శిక్షణ పొందిన చేతులకు అసిస్టెంట్ కుర్చీ కొత్తగా ఉంటుంది. రోగి ముఖాన్ని గడియారంగా ఊహించుకోండి, తలపై భాగం 12. కుడిచేతి వాటం డెంటిస్టుది 7 నుంచి 12 దాకా, మీ చోటు 2 నుంచి 4, పరికరాలు చేతులు మారేది 4 నుంచి 7 మధ్య, రోగి గడ్డం కింద. మీ కళ్ళు డెంటిస్టు కళ్ళ కంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఎత్తులో ఉండేలా స్టూలు సర్దుకోవాలి, కాళ్ళు స్టూలు రింగు మీద. ఎత్తు తక్కువైతే వంగి చూడాలి, ఏడాదిలో నడుము పట్టేస్తుంది. హై వాల్యూమ్ సక్షన్ (నోట్లోని నీళ్ళు లాగే పెద్ద గొట్టం) కుడిచేతిలో, పరికరాలు అందించేది ఎడమచేత్తో. అదే చేతి చిటికెన వేలితో వాడిన పరికరం తీసుకుని, బొటనవేలు, మొదటి రెండు వేళ్ళతో కొత్తది అందించాలి. సక్షన్ కొన వాలు అంచు పన్ను ఉపరితలానికి సమాంతరంగా, నమిలే తలానికి కాస్త పైన ఉండాలి. మెత్తటి అంగిలిని తాకితే రోగికి వాంతి వచ్చినట్టవుతుంది, బుగ్గకు ఆనితే లోపలికి లాగేస్తుంది. చిన్న సలైవా ఎజెక్టర్ చుట్టూ పెదవులు మూయమని రోగికి ఎప్పుడూ చెప్పకండి, గొట్టంలోని ద్రవం వెనక్కి నోట్లోకి రావచ్చు.

లాబ్ పరీక్షల్లో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఆల్జినేట్ (పళ్ళ అచ్చు తీసే పొడి) ముద్రల దగ్గర. కింది దవడకు రెండు స్కూపులు, రెండు కొలతల నీళ్ళు, పై దవడకు మూడేసి. నీళ్ళు 21 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఉండాలి. వేడి నీళ్ళు పోస్తే నోట్లో పెట్టకముందే గట్టిపడుతుంది. మామూలు సెట్ రకాన్ని దాదాపు నిమిషం పాటు, గిన్నె గోడకు నొక్కుతూ కలపాలి. నొక్కకుండా తిప్పితే గాలి బుడగలు ఉండిపోయి, మోడల్ మీద పళ్ళకు బుడిపెలుగా తేలతాయి. పై ట్రే వెనక భాగం ముందు ఆనించి తర్వాత ముందుభాగం నొక్కితే మిగులు పదార్థం గొంతు వైపు కాకుండా పెదవి వైపు వస్తుంది. తీసిన ముద్రను గాలిలో వదిలేస్తే నీరు కోల్పోయి కుంచించుకుంటుంది, నీళ్ళలో నానేస్తే ఉబ్బుతుంది. తడి పేపర్ టవల్‌లో చుట్టి, గంట లోపు జిప్సం పోయాలి. 100 గ్రాముల డెంటల్ స్టోన్‌కు 30 మిల్లీలీటర్ల నీళ్ళు. ప్లాస్టర్‌కైతే 45 నుంచి 50.

ఎక్స్‌రేలో తప్పు వచ్చినప్పుడు కారణం తెలియకుండా మళ్ళీ తీస్తే అదే తప్పు మళ్ళీ వస్తుంది, రోగికి రెండింతల రేడియేషన్. బైట్‌వింగ్‌లో (పై, కింది పళ్ళు కలిపి తీసే ఎక్స్‌రేలో) పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తే హారిజాంటల్ కోణం తప్పింది. పళ్ళు పొట్టిగా వస్తే వర్టికల్ కోణం ఎక్కువైంది, సాగినట్టు వస్తే తక్కువైంది. ఒక మూల అర్ధచంద్రంలా ఖాళీగా ఉంటే కోన్ సెన్సార్‌కు నడిమధ్యన లేదు. సీసపు ఏప్రాన్, థైరాయిడ్ కాలర్ మామూలు ఎక్స్‌రేలకు అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. అయినా సిఫార్సు వేరు, రాష్ట్ర నిబంధన వేరు. మీ రాష్ట్ర నిబంధన, క్లినిక్ విధానం ఏం చెబితే అదే చేయండి.

స్టెరిలైజేషన్ గదికి విద్యార్థులు తక్కువ విలువ ఇస్తారు. నిజానికి రోగి ప్రాణానికి మీరు నేరుగా కాపలా ఉండేది అక్కడే. మామూలు గ్రావిటీ ఆటోక్లేవ్‌లో చుట్టిన పరికరాలకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, ఆ తర్వాత ఆరబెట్టే సమయం పూర్తయ్యేదాకా తలుపు తీయకూడదు. తడిసిన ప్యాకెట్ స్టెరైల్ కాదు, తడి కాగితం గుండా క్రిములు లోపలికి పోతాయి. ట్రేలో కుక్కి పెడితే ఆవిరి తిరగదు. బయట రంగు మారే టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, క్రిములు చచ్చాయో లేదో వారానికి కనీసం ఒకసారి చేసే స్పోర్ టెస్ట్ చెబుతుంది. అది ఫెయిలైతే ఆ యంత్రాన్ని వాడకం నుంచి తీసేసి, ఎలా పేర్చారో, ఎంతసేపు నడిపారో చూసి, మళ్ళీ పరీక్ష చేయాలి. రోగికీ రోగికీ మధ్య హ్యాండ్‌పీస్ నీటి లైన్లను 20 నుంచి 30 సెకన్లు వదలాలి.

బీడీఎస్ ఉన్నవారికి ఇంకో హెచ్చరిక, దీన్ని చాలా గట్టిగా చెబుతున్నాను. “మీకు వచ్చు కదా, ఈ స్కేలింగ్ కాస్త చేసేయండి” అని అడిగే యజమానులు ఉంటారు. అసిస్టెంట్ స్కేలింగ్ చేయడం, మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం, డ్రిల్ పట్టడం లైసెన్సు లేని ప్రాక్టీస్ కిందికి వస్తుంది. నేరం మీ మీద పడుతుంది. రేపు డెంటిస్టు లైసెన్సుకు వెళ్ళినా, గ్రీన్ కార్డ్ దరఖాస్తులోనూ అది వెంటాడుతుంది. మర్యాదగా కాదనండి, ఒత్తిడి చేస్తే ఆ క్లినిక్ వదిలేయండి.

ఈఏడీ గురించి ఒకటి. గడువు ముగిసిన రోజు జీతం పని ఆపేయాలి. 2025 అక్టోబర్ 30 నుంచి దాఖలయ్యే రెన్యూవల్స్‌కు ఇదివరకటి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు పంపండి. చదువుకు మాత్రం హెచ్-4 చాలు, ఈఏడీ అక్కర్లేదు.

ఇప్పుడు అబ్బాయి విషయం.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఈ కోర్సును ఎక్కువగా అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ అంటారు. డి ఆంజా, ఓలోనీ రెండిటిలోనూ ఉంది. నేరశాస్త్ర పరిచయం, క్రిమినల్ లా, సాక్ష్యాధారాలు, కోర్టు ప్రక్రియ, దర్యాప్తు, బాలల న్యాయం, జైళ్ళ వ్యవస్థ చదువుతారు. చదువుగా మంచిదే. ఉదాహరణకు మన వాడుకలో దొంగతనం అనేసేదాన్ని ఇక్కడి పీనల్ కోడ్ మూడుగా విడదీస్తుంది. 459 బర్గ్లరీ: దొంగతనమో మరో పెద్ద నేరమో చేసే ఉద్దేశంతో లోపలికి ప్రవేశిస్తే చాలు, ఏమీ ఎత్తుకెళ్ళకపోయినా నేరమే. 211 రాబరీ: మనిషి దగ్గర నుంచి బలప్రయోగంతోనో బెదిరించో లాక్కోవడం. మిగిలింది థెఫ్ట్, విలువ 950 డాలర్లు దాటితే గ్రాండ్ థెఫ్ట్. పరీక్షలో కథ ఇచ్చి ఏ నేరమో అడుగుతారు. కథ చదివి మనసుకు తోచింది రాసేవారు తప్పుతారు, ప్రతి నేరానికీ ఉన్న అంశాలను ఒక్కొక్కటీ సరిపోల్చినవారు నెగ్గుతారు.

కానీ పోలీసు ఉద్యోగానికి ఈ డిగ్రీ షరతు కాదు. కాలిఫోర్నియాలో 2022 నుంచి కొత్తగా చేరేవారికి కనీస వయసు 21. 2023 జనవరి 1 నుంచి పౌరసత్వం తప్పనిసరి కాదు, ఫెడరల్ చట్టం ప్రకారం పనిచేసే అనుమతి ఉంటే చాలు. మీ అబ్బాయికి ఇబ్బంది సరిగ్గా అక్కడే. ఈఏడీ హెచ్-4 మీద ఉన్న జీవిత భాగస్వామికి వస్తుంది గానీ పిల్లలకు రాదు. పైగా నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారి తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి. 21 నిండగానే హెచ్-4 కూడా పోతుంది. అంటే పోలీసు వయసు వచ్చే రోజే ఇక్కడ ఉండే హోదా ముగుస్తుంది. ఈ లోపు గ్రీన్ కార్డ్ రాకపోతే ఈ దారి మూసుకున్నట్టే. ఎఫ్‌బీఐ, బోర్డర్ పెట్రోల్ లాంటి ఫెడరల్ ఉద్యోగాలకైతే పౌరసత్వమే కావాలి.

అందుకే కోర్సు ఎంచుకోకముందే మీవారి ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం యజమాని వేసే పిటిషన్) ప్రయారిటీ తేదీ, అంటే వరుసలో మీ స్థానం చెప్పే తేదీ పెట్టుకుని, సీఎస్‌పీఏ (గ్రీన్ కార్డ్ ఆలస్యంలో పిల్లల వయసు లెక్కించే చట్టం) లెక్క ప్రకారం అబ్బాయి వయసు ఎంతగా పరిగణిస్తారో లాయర్‌తో తేల్చుకోండి. వీసా నంబర్ అందుబాటులోకి వచ్చిన రోజున ఉన్న వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. అది 21 లోపు ఉంటే, ఏడాదిలోపు తదుపరి అడుగు వేస్తే, తను మీతోపాటు నిలుస్తాడు.

గ్రీన్ కార్డ్ అవకాశం ఉంటే అతని దారి ఇలా ఉంటుంది. బదిలీకి వీలైన అసోసియేట్ డిగ్రీ, ఏఎస్-టీ రకం, 60 యూనిట్లు తీసుకోవాలి. దీంతో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు ఖాయం, కోరుకున్న క్యాంపస్ ఖాయమని కాదు. పేరులో ఒక్క అక్షరం తేడాతో మామూలు ఏఎస్ డిగ్రీ కూడా ఉంటుంది, దానికి ఈ హామీ లేదు. తర్వాత శాఖలో దరఖాస్తు: పెలెట్‌బీ రాతపరీక్ష, దేహదారుఢ్యం, వ్యక్తిగత చరిత్ర పత్రం, నడవడి విచారణ, వైద్య, మానసిక పరీక్షలు, చాలా శాఖల్లో పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే పరీక్ష). దేహదారుఢ్యంలో 165 పౌండ్ల బొమ్మను 32 అడుగులు లాగాలి, ఆరడుగుల గోడ, ఆరడుగుల కంచె ఎక్కాలి, 99 గజాల అడ్డంకుల పరుగు, 500 గజాల పరుగు. ఎక్కువమంది రాలిపోయేది మాత్రం విచారణలో. చేసిన తప్పు కంటే దాచిన తప్పు ఎక్కువ చేటు. కాలేజీ రోజుల్లో గంజాయి తాగానని ఒప్పుకుంటే పౌరుడు కానివాడికి ఇమిగ్రేషన్ చిక్కు, అడిగినప్పుడు దాస్తే అబద్ధం. అసలు ఆ పరిస్థితి తెచ్చుకోకూడదు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో అది నేరమేనని ఇప్పుడే కూర్చోబెట్టి చెప్పండి.

అకాడెమీ శిక్షణ కనీసం 664 గంటలు, చాలా అకాడెమీలు ఇంకా ఎక్కువే నడుపుతాయి. రియో హోండో, గోల్డెన్ వెస్ట్ లాంటి కమ్యూనిటీ కాలేజీలే అకాడెమీలు నడుపుతాయి. శాఖ ఉద్యోగం ఇచ్చి పంపితే శిక్షణలోనూ జీతం వస్తుంది. సొంత డబ్బుతో చేరితే, మూడేళ్ళలోపు ఉద్యోగం దొరక్కపోతే మళ్ళీ అర్హత నిరూపించుకోవాలి. అందుకే ముందుగా సొంతంగా చేరమని నేను చెప్పను. టెక్సస్‌లో మాత్రం డిగ్రీకి ఒక ఉపయోగం ఉంది: లైసెన్సుకు వయసు 21, కానీ 60 సెమిస్టర్ గంటల చదువు ఉంటే 18కే అర్హత.

గ్రీన్ కార్డ్ 21 లోపు రాదని తేలితే, 21 నిండేలోపు ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. నివాసి ఫీజు పోతుంది, చదువయ్యాక 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి. మామూలు క్రిమినల్ జస్టిస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ రంగాల) జాబితాలో లేదు. ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ ఫోరెన్సిక్స్ ఉన్నాయి, వాటికి మరో 24 నెలలు వస్తాయి. అతనికి దర్యాప్తు మీద ఆసక్తి అయితే ఇదే మంచి దారి. కానీ క్రైమ్ లాబులు క్రిమినల్ జస్టిస్ డిగ్రీని చూసి తీసుకోవు. కెమిస్ట్రీ, బయాలజీ అడుగుతాయి. డీఎన్‌ఏ విశ్లేషకులకు బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ, స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. కాబట్టి మొదటి సెమిస్టర్‌లో జనరల్ కెమిస్ట్రీ లేదా ప్రోగ్రామింగ్, కాలిక్యులస్ తీసుకుని, పక్కన ఒక్క అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ పరిచయ క్లాసు పెట్టుకోమనండి. ఆ మూడు యూనిట్లతో ఆ రంగం నచ్చిందో లేదో తనకే తెలుస్తుంది.

ఈ వారం చేయవలసినవి: మీ హెపటైటిస్-బి యాంటీబాడీ పరీక్ష, ఇగ్రా పరీక్షలకు అపాయింట్‌మెంట్, రెసిడెన్సీ కాగితాలు మీ పేరు మీదకు తేవడం, సీఎస్‌పీఏ లెక్కకు లాయర్ సమయం. ప్రయారిటీ తేదీ, ఐ-140 దాఖలు, ఆమోదం తేదీలు ఇక్కడ పెట్టకండి, అవి లాయర్‌కే చూపండి. మీ లక్ష్యం డెంటిస్టా, ఆర్‌డీఏనా, హైజీనా అన్నది మాత్రం రాయండి, దాన్నిబట్టి ఏ సబ్జెక్టు ముందు తీసుకోవాలో చెబుతాను.